నాన్న ఎడమ పక్క

ఇనారి సరస్సు, తూర్పు ఒడ్డు
1913 ఆగస్టు 20

కైసా అక్కకి,

సమ్మెలి రాసేది. నేనూ ఎల్లీ బాగానే ఉన్నాం. అక్కడ వాడ్సోలో నువ్వూ బావా సముద్రపు గాలి తింటూ బాగానే ఉన్నారనుకుంటాను. ఈ ఏడు తెల్లచేప ఆలస్యంగా పడింది. దోమలు మాత్రం వేళకే వచ్చాయి.

అమ్మ ఈ నెల తొమ్మిదో తారీఖున పోయింది. ముందే రాయాల్సింది, కానీ పోస్టు పడవ నిన్నటిదాకా మా వైపు రాలేదు. అమ్మ పెద్దగా బాధపడలేదు. గురువారం దాకా రిస్తిన్ అత్తతో కలిసి వల లాగింది. శుక్రవారం పొద్దున "కాళ్ళు చల్లబడుతున్నాయిరా" అని పడుకుంది. శనివారం మధ్యాహ్నానికి లేదు. నీ సంగతి అడిగింది. ఆ తర్వాత చెప్పింది ఒకటే: "నన్ను మీ నాన్న ఎడమ పక్కన పెట్టండి. కుడి పక్క గోడ. ఖాళీ ఉన్నది ఎడమ పక్కే. ఎవరో ఒకరు వచ్చి పడుకునేలోగా పట్టుకెళ్ళు." నవ్వుతూనే అంది, కానీ నా చేత ఒట్టు వేయించుకుంది.

చర్చికి రెండు రోజులు తెడ్డు వెయ్యాలి. ఎండ మాడ్చేస్తోంది, గాలి లేదు. కాబట్టి వేసవిలో పోయిన వాళ్ళందరినీ పెట్టినట్టే అమ్మని కూడా సమాధుల దీవిలో పెట్టాం. పెట్టె నేనే చేశాను, చెక్క మేకులు కొట్టి. పైన దుప్పితోలు చుట్టాను. మోకాలి లోతు గొయ్యి తీసి, పైన గడ్డి పెళ్ళలూ రాళ్ళూ పేర్చి, తలవైపు తెడ్డు నిలబెట్టి పాతాను. సరస్సు గడ్డకట్టి దారి గట్టిపడ్డాక దుప్పి లాగే మంచుబండి మీద చర్చికి తీసుకెళ్తాను.

ఇంకొక విశేషం. కూవా వాళ్ళ హెన్రిక్ మావ, రిస్తిన్ అత్త వాళ్ళాయన, అమ్మకంటే ఎనిమిది రోజుల ముందు పోయాడు. ఆయన్నీ ఆ దీవిలోనే పెట్టారు, అమ్మకి నాలుగడుగుల దూరంలో. ముప్పయ్యేళ్ళు ఒక్క చేపల మడుగు కోసం నాన్నతో నోరు పారేసుకున్న మనిషి. నాన్న ఉండుంటే దీవి మార్చమనేవాడు.

బావని అడిగానని చెప్పు.

సమ్మెలి

&nbsp;

వాడ్సో
1913 సెప్టెంబరు 18

ఒరేయ్ సమ్మెలీ,

చేపలు ఆలస్యంగా పడ్డాయి, దోమలు వేళకి వచ్చాయి, ఆ తర్వాత అమ్మ పోయింది! ఎవరైనా అలా రాస్తారురా? నేను నిలబడి చదువుతున్నదాన్ని ఉప్పు బస్తా మీద కూలబడ్డాను. మీ బావ ఓలా పరిగెత్తుకొచ్చి నీళ్ళిచ్చాడు. నీకు ముందునుంచీ ఇంతే. ఇల్లు కాలిపోతుంటే వాన పడేలా ఉందా అని ఆకాశం చూసే రకం.

నలభై రోజులు, సమ్మెలీ. నలభై రోజులు అమ్మ లేదు, నేను ఇక్కడ కాడ్ చేపకి ఉప్పు రాస్తూ, పాటలు పాడుతూ ఉన్నాను.

దీవిలో పెట్టావు. సరే. ఎలుగుబంటి అంత దూరం ఈదుకుంటూ రాదు, నక్క రాదు. నాకు తెలియదా, నేనూ అక్కడే పుట్టాను. కానీ ఎన్నాళ్ళు? పాస్టరు నోటినుంచి ఒక్క మాట లేదు, గంట లేదు, పేరు రాసిన సిలువ లేదు. ఇక్కడ మా వీధిలో ఎవరో అడిగారు, "మీ అమ్మగారిని ఎక్కడ పెట్టారు?" అని. దీవిలో తాత్కాలికంగా దాచారని ఎలా చెప్పను? ఎండుచేప అనుకుంటారు. ఇంకా నీళ్ళు తెరుచుకునే ఉన్నాయిగా. ఈ ఉత్తరం అందగానే పడవలో పెట్టి చర్చికి తీసుకెళ్ళు. నీకు చేతకాకపోతే కూవా యోవ్నాని తోడు అడుగు. వాడి తండ్రీ మన నాన్నా కొట్టుకుంటే మీరు కొట్టుకోవాలని లేదు.

ఇంకో సంగతి. మా మేడమీద అద్దెకుంటున్న మాస్టారు ఉత్తరాది సరస్సుల మీద పుస్తకం రాస్తున్నాడు. నాది ఇనారి అని తెలిసిన దగ్గర్నుంచీ ప్రాణం తీస్తున్నాడు. పొడవెంత, లోతెంత, దీవులెన్ని, పాతకాలం వాళ్ళు ఏమేం చెప్పుకుంటారు అని. నేను సగం మర్చిపోయాను. నువ్వు రాస్తే చదివి వినిపిస్తాను. ఏడుపు వచ్చినప్పుడు ఆయన ప్రశ్నలు కాస్త పనికొస్తున్నాయి.

అక్క
కైసా

&nbsp;

తూర్పు ఒడ్డు
1913 అక్టోబరు 12

అక్కా,

నీ ఉత్తరం అందింది. పడవలో తీసుకెళ్ళడం కుదరదు. పదిహేనేళ్ళు ఉప్పునీటి పక్కన ఉండి మర్చిపోయావేమో, అక్టోబరులో మన సరస్సు మీద పెట్టెతో బయలుదేరితే ఒక పెట్టె సరిపోదు. మొన్న పడమటి గాలికి మా రేవులో రెండు పడవలు తలకిందులయ్యాయి. పైగా చర్చి దారి పొడవునా వలలే, శవం దాటిన నీళ్ళలో ఆ ఏడు ఎవరూ వల వేయరు. ఇది శరదృతువు వల. చలికాలమంతా తినేది దీన్నే. ఊరంతా నన్ను తిట్టుకుంటుంది. మార్చిలో వెలుగొస్తుంది, మంచుమీద గట్టి పొర కడుతుంది, దుప్పులకి కాలు దిగబడదు. మన తాతని మార్చిలోనే తెచ్చారు, నాన్నమ్మనీ మార్చిలోనే. అమ్మనీ మార్చిలోనే తెస్తాను.

మాస్టారికి జవాబులు. పొడవు: మంచి దుప్పి అయితే పొద్దున బయలుదేరితే రాత్రికి చేరుతుంది, మధ్యలో మేత వేస్తే మర్నాడు. కిలోమీటర్లలో ఎనభై అని సర్వేవాళ్ళు అన్నారు. నీళ్ళు ఉత్తరానికి పారి, మీ సముద్రంలోనే కలుస్తాయి. గడ్డ నవంబరులో కడుతుంది, జూన్ మొదట్లో వదులుతుంది. దీవులు: పెద్దవాళ్ళు ఏడాదికెన్ని రోజులో అన్ని అనేవాళ్ళు. సర్వేవాళ్ళు మూడు వేలు అన్నారు. నేను లెక్కపెట్టలేదు. నాకు కావలసినవి ఆరు.

లోతు: పొడవెంతో లోతంత అని చెప్పుకుంటారు. కొలవడం మంచిది కాదు. నాన్న చెప్పే కథ నీకు గుర్తుండాలి. ఒకతను తాడుకి రాయి కట్టి వదిలాడు. తాడు అయిపోయింది, వల తాడు కట్టాడు. అదీ అయిపోయింది, నడికట్టు విప్పి కట్టాడు. అప్పుడు కిందినుంచి ఒక గొంతు వచ్చింది: "కొలిచావా? ఇక నేను నిన్ను కొలుస్తాను." అతను తాడూ నడికట్టూ వదిలేసి, లాగు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడట. నాన్న చెప్పినప్పుడల్లా అమ్మ ఆ లాగు దగ్గరే నవ్వేది. సర్వేవాళ్ళు తొంభై రెండు మీటర్లు అని రాసుకుని వెళ్ళారు. వాళ్ళకేమీ కాలేదు. ఒకడికి జలుబు చేసింది.

నడినీటిలో ముసలాయన దీవి ఉందిగా, పూర్వం అక్కడ దుప్పికొమ్ములు పెట్టి చేపలడిగేవాళ్ళు. ఇప్పుడు అందరూ చర్చికెళ్తారు. అయినా దాని పక్కనుంచి పడవ వెళ్ళేటప్పుడు ఎవరూ ఉమ్మెయ్యరు. అది కూడా రాసుకోమను.

సమ్మెలి

&nbsp;

వాడ్సో
1913 నవంబరు 9

సమ్మెలీ,

మార్చా? అంటే ఏడు నెలలు! ఉత్తరం నిండా దీవుల లెక్కా, ఎవడిదో లాగూ. అమ్మ గురించి నాలుగు ముక్కలు.

నాకు అర్థం కావడం లేదనుకోకు. ఎల్లికి ఇష్టం లేదు, అంతేనా? అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆవిడతో మాట్లాడలేదు, ఇప్పుడు అంత దూరం బండి తోలుకెళ్ళడం ఎందుకంది. లేక నీకే బద్ధకమా? చిన్నప్పుడు పొయ్యిలో కట్టె వెయ్యమంటే కూడా "కాసేపాగి" అనేవాడివి. ఇది కట్టె కాదురా.

నాన్న కుడి పక్క గోడ అని నువ్వే రాశావు. ఎడమ పక్క ఖాళీగా పడుంది. ఈ చలికాలంలో ఊళ్ళో ఇంకెవరైనా పోతే? వాళ్ళకి ఆ చోటిచ్చేస్తే? అమ్మ అడిగింది అదొక్కటే. జీవితంలో ఒకటే అడిగింది. నవంబరు వచ్చేసింది, గడ్డ కట్టేసుంటుంది. క్రిస్‌మస్ లోపల, పోనీ కొత్త సంవత్సరానికైనా తీసుకెళ్ళు. లేకపోతే నీకు అక్క లేదనుకో.

ఓలా సిలువ చేశాడు, పైన్ చెక్కతో. బిరెత్ అని అమ్మ పేరు నేనే దగ్గరుండి చెక్కించాను. డిసెంబరులో ఎండుచేప తీసుకొచ్చే బండిలో పంపుతున్నాను.

మాస్టారు నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు. లాగు దగ్గర నవ్వాడు.

కైసా

&nbsp;

తూర్పు ఒడ్డు
1914 జనవరి 11

అక్కకి,

అయిపోయింది. తీసుకెళ్ళాను.

ఎల్లి గురించి నువ్వు రాసింది ఎల్లికి చదివి వినిపించాను. ఆమె అటు తిరిగి బూట్లు తొడుక్కుని "పద" అంది. ఇద్దరం కొత్త సంవత్సరం మర్నాడు బయలుదేరాం. చీకటి రోజులు. మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం నీలంగా వెలుగు. గడ్డ ముప్పావు మీటరు ఉంది, ఇంకా సర్దుకుంటూ మూలుగుతోంది. దీవి చేరేసరికి ఆ వెలుగూ పోతోంది. మంచు నడుముదాకా పడుంది. అమ్మ తలదగ్గరిదీ హెన్రిక్ మావ తలదగ్గరిదీ, రెండు తెడ్లలో ఒకటే పైకి కనబడుతోంది. దానికి వేలెడు మందాన తుషారం. గీకి చూశాను. మన ఇంటి గుర్తు ఉంది: మూడు గాట్లు, ఒక అడ్డగీత. చేతితొడుగు తీసి బొటనవేలితో తడిమి మరీ చూశాను. తవ్వాం. తోలు చుట్టిన పెట్టె రాయిలా బిగిసిపోయింది. ఎత్తి బండిలో పెట్టడానికి చాలాసేపు పట్టింది. "అత్తయ్య ఇంత బరువేమిటండీ?" అంది ఎల్లి. గడ్డకట్టినవన్నీ బరువే అన్నాను. దుప్పి ఆవిర్లు కక్కింది.

చర్చి దగ్గర నేల ఇనుములా ఉంది. నాన్న ఎడమ పక్కన రెండు రోజులు మంట వేసి కరిగించి తవ్వాం. పాస్టరుగారు గంట మోగించి బాగా మాట్లాడారు. "మృదుస్వభావి, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, వలలు అల్లడంలో దిట్ట, మంచి భార్య, మంచి తల్లి" అన్నారు. ఎల్లి ఏడ్చింది. బావ చేసిన సిలువ పాతాం. పేరు అందంగా ఉందని అందరూ అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఎల్లి బుగ్గ చలికి కాలిపోయింది. ఇప్పుడు తగ్గుతోంది. నీకిప్పుడు తృప్తేనా?

సమ్మెలి

&nbsp;

వాడ్సో
1914 ఫిబ్రవరి 4

సమ్మెలీ, నా బంగారు తమ్ముడూ,

ఉత్తరం అందిన రాత్రి ఆగస్టు తర్వాత మొదటిసారి తెల్లవారేదాకా నిద్రపోయాను. ఎల్లిని అన్న మాటలకి సిగ్గుపడుతున్నాను. బుగ్గకి రాసుకోవడానికి చేపనూనె డబ్బా పంపుతున్నాను, కాఫీ గింజలు కూడా. మరదలికి నా తరఫున క్షమాపణ చెప్పు. నువ్వు చెప్పడం కాదు, ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఇక నీకొక మాట చెప్పాలి. అంత గొడవ ఎందుకు చేశానో. కిందటి ఏప్రిల్‌లో అమ్మ నీ చేత ఉత్తరం రాయించింది, గుర్తుందా? "గడ్డ వదిలేలోగా ఒకసారి వచ్చి పోవే" అని. ఆ ఒక్క ముక్క. నేనేం రాశాను? చేపల కాలం, ఉప్పు పని, వచ్చే ఏడు చూద్దాం అని. నిజం చెప్పనా? పని కాదురా. ఓలాని చేసుకుంటానన్నప్పుడు అమ్మ "సముద్రం వాళ్ళకి ఇల్లు నిలవదు" అంది కదా, అది మనసులో పెట్టుకున్నాను. పదిహేనేళ్ళు. ఇంకో ఏడు ఉడకనీ అనుకున్నాను. ఆమె ఉడకలేదు, పోయింది. అందుకే చివరికి ఆ నాన్న పక్క చోటైనా ఇప్పించాలని నీ మీద పడ్డాను.

"నీ సంగతి అడిగింది" అని రాశావు. ఏమని అడిగింది? ఉన్నదున్నట్టు రాయి.

మాస్టారు: రెండు అట్టడుగులున్న చెరువులంటే ఏమిటని అడుగుతున్నాడు. నేను చెప్పాను, అడుగు కింద ఇంకో అడుగు ఉంటుంది, మధ్యలో కన్నం, పడవలో చప్పుడు చేస్తే చేపలన్నీ కిందింట్లోకి దిగిపోతాయి, అందుకే అక్కడ మాట్లాడకుండా వల వేస్తారు అని. ఆయన "మీ తమ్ముడు అక్కడే పెరిగి ఉంటాడు" అన్నాడు.

నీ అక్క
కైసా

&nbsp;

వాడ్సో
1914 మార్చి 20

సమ్మెలీ,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా రాస్తున్నాను. నిన్న అమ్మ కలలో కనబడింది. నాన్న పక్కన కూచుని వల బాగుచేస్తోంది. నాన్న కథ చెబుతున్నాడు. ఎంత హాయిగా ఉన్నారో! లేచి ఓలాకి చెబితే "ఇక నువ్వూ హాయిగా ఉండు" అన్నాడు. ఉన్నాను. ఇదంతా నీ చలవ.

కైసా

&nbsp;

తూర్పు ఒడ్డు
1914 మార్చి 22

అక్కా,

కూచుని చదువు. ఈసారి చేపల గురించి ముందు రాయడం లేదు.

సోమవారం పొద్దున కూవా యోవ్నా వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. కాఫీ తాగమన్నాను, వద్దన్నాడు. మన ఇళ్ళలో కాఫీ వద్దన్నాడంటే ఏదో అయిందని నాకు అప్పుడే అర్థమైంది.

"సమ్మెలీ, మా నాన్న సంగతి నీకేమైనా తెలుసా?" అన్నాడు.

"పోయాడు కదా," అన్నాను.

"పోయిన సంగతి నాకూ తెలుసు. ఎక్కడికి పోయాడని."

వాడు తండ్రిని చర్చికి తీసుకెళ్దామని బండి కట్టుకుని దీవికెళ్ళాడట. తెడ్డు కనబడలేదు. అంతా పొడిచి చూసి తవ్వితే ఒకటే పెట్టె తగిలింది. తోలు విప్పి చూశాడు. "మా నాన్న పెట్టెకి నేను ఇనప మేకులు కొట్టాను. వాడ్సో మేకులు. దీనికి చెక్క మేకులున్నాయి. నా పాపం, మూత కాస్త ఎత్తాను. మీ అమ్మే, సమ్మెలీ. మళ్ళీ మూసి, తోలు చుట్టి, మంచు కప్పి వచ్చాను. తప్పయితే మన్నించు."

నేను లేచి గోడకి ఆనించిన ఆ తెడ్డు తెచ్చి చూపించాను. జనవరిలో దీవినుంచి నేనే తెచ్చాను. "ఇదిగో, మా గుర్తు. మూడు గాట్లు." వాడు అటూ ఇటూ తిప్పి చూసి, వాళ్ళ అమ్మ దగ్గరికి పట్టుకెళ్దాం పదమన్నాడు.

రిస్తిన్ అత్త వల ఒడిలో పెట్టుకుని కూచునుంది. తెడ్డు చూడగానే, "ఓహో, ఇది మీ ఇంట్లో ఉందా? ఆయన తలదగ్గర పాతింది ఇదే," అంది.

"మా తెడ్డు ఎందుకు పాతావత్తా?"

"పడవలోంచి చేతికందింది తీశాను. ఎవరిదో చూడలేదు. ఇరవయ్యేళ్ళు మీ అమ్మా నేనూ ఒకే పడవ. మా పడవలో తెడ్డు తెడ్డే, ఎవరిదేమిటి? ఆ కొట్లాటంతా మీ మగాళ్ళది, ఒడ్డున."

అమ్మ తలదగ్గర నేను పాతింది నా పడవ తెడ్డు, దానికీ ఇదే గుర్తు. అది శరదృతువు గాలికి పడిపోయి మంచు కింద ఉండిపోయింది. మొన్న వెళ్ళి చూస్తే దొరికింది. ఆగస్టులో ఆకులతో చూసిన దీవి జనవరి మంచులో ఎటునుంచి చూసినా ఒక్కలాగే ఉంటుంది. నేను గుర్తుని నమ్మాను, చోటుని నమ్మలేదు.

ఇదీ సంగతి. నాన్న ఎడమ పక్కన హెన్రిక్ మావ ఉన్నాడు. పైన నువ్వు చెక్కించిన అమ్మ పేరు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని పాస్టరుగారు గంట మోగించి పొగిడింది ఆయన్ని. అంటే ఆ మడుగు దగ్గర నాన్నని ముప్పయ్యేళ్ళు బూతులు తిట్టిన మనిషిని. యోవ్నా ఇది విని నేలమీద కూచుని నవ్వాడు, తర్వాత ఏడ్చాడు. నాకు రెండూ రాలేదు.

మాట ఇచ్చాను అక్కా. తప్పాను. నువ్వు తొందరపెట్టబట్టే ఇలా అయిందని ఒక ఉత్తరం రాశాను. చింపేశాను. తడిమింది నా బొటనవేలు.

సమ్మెలి

&nbsp;

తూర్పు ఒడ్డు
1914 ఏప్రిల్ 5

అక్కా,

నీ కల ఉత్తరం నిన్న అందింది. చదివి ఎల్లి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఈపాటికి నాది నీకు చేరి ఉంటుంది, కాబట్టి కల గురించి ఏమీ రాయను.

యోవ్నా, నేను, రిస్తిన్ అత్త ముగ్గురం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు. "నేను ముప్పై మందిని పూడ్చాను. ఎవరూ ఇలా చెయ్యలేదు," అన్నాడు. ప్రార్థన చేసి పూడ్చిన మనిషిని బిషప్‌గారి కాగితం లేకుండా తవ్వడానికి వీల్లేదట. ఆ కాగితం వచ్చేసరికి శరదృతువు. అప్పటికి నేల కరిగి, పెట్టె మెత్తబడి ఉంటుంది. "ఆ పని మీరు చెయ్యలేరు, నేను చూడలేను. ఆయన్ని ఉన్నచోటనే ఉండనివ్వండి. హెన్రిక్ ఎడమ పక్కన చోటుంది, అక్కడ బిరెత్‌ని పెట్టండి," అన్నాడు.

అంటే నాన్నకీ అమ్మకీ మధ్యలో హెన్రిక్ మావ. నేను ఒప్పుకోలేదు. గొంతు పెంచాను కూడా. యోవ్నా "మా నాన్న మీ నాన్న చోటు కోసం జన్మంతా కొట్టుకున్నాడు, చివరికి నువ్వే ఇచ్చావు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది.

అప్పుడు రిస్తిన్ అత్త లేచింది. ఇందులో ఎక్కువ నష్టపడింది ఆవిడే. వాళ్ళాయనకీ, ఆయన పక్కన ఆవిడకీ ఇంకో వరసలో చోట్లుండేవి. ఆవిడ అంది కదా: "అరవొద్దు. ఆ ముసలాళ్ళిద్దర్నీ పక్కపక్కనే పడుండనీ, మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయి. బిరెత్‌ని మా ఆయన ఎడమ పక్కన పెట్టండి. ఆమె ఎడమ పక్క చోటు నాకు రాసుకోండి, పాస్టరుగారూ. నాకు పక్కన వల పట్టే మనిషి ఉంటే చాలు." పాస్టరుగారు పుస్తకంలో అలాగే రాసుకున్నారు. నేను మాత్రం నిన్ను అడక్కుండా ఒప్పుకోనని చెప్పి వచ్చాను. బిషప్‌గారి కాగితం కోసం ఆగమంటే అమ్మని మళ్ళీ వేసవంతా దీవిలో ఉంచుతాను. వద్దంటే ఈ నెలలోనే తెస్తాను. నువ్వే చెప్పాలి. మే మొదటివారం దాటితే గడ్డమీద నీళ్ళు నిలుస్తాయి, బండి నడవదు.

అమ్మ నీ సంగతి ఏమని అడిగిందో రాయమన్నావు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కిందటి వేసవిలో పోస్టు పడవ వచ్చినప్పుడల్లా రేవు దాకా వెళ్ళేది. పడవవాణ్ణి "మా కైసా ఉందా అందులో?" అని అడిగేది. రాదని నువ్వు రాసిన ఉత్తరం నేను చదివి వినిపించాను, అయినా వెళ్ళేది. "మనసు మార్చుకుని ఉండొచ్చు" అనేది. చివరి రోజు శనివారం, పడవ వచ్చే రోజు కాదు. అయినా అడిగింది. నీకు బాధని రాయలేదు.

సమ్మెలి

&nbsp;

వాడ్సో
1914 ఏప్రిల్ 17

సమ్మెలీ,

నీ రెండు ఉత్తరాలూ రెండు రోజుల తేడాతో అందాయి. మొదటిది ముందు చదివాను. నీ మీద పట్టలేనంత కోపం వచ్చింది. మార్చిలో తెస్తానని నువ్వు చెప్తూనే ఉన్నావు, చీకట్లో పంపింది నేను. అది గుర్తొచ్చాక కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తప్పు నీ బొటనవేలిది కాదురా. నాది. ఇంక దాని గురించి రాయకు.

రెండోది చదివాక ఓలా మాటైనా వినకుండా పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

బిషప్‌గారికి ఎవరూ రాయొద్దు. రిస్తిన్ అత్త చెప్పినట్టే చెయ్యండి. ఆవిడ మాటకి నేను ఎదురు చెప్పలేను. తన బిడ్డ పడవలో వచ్చాడో లేదో ఆవిడకి ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు, యోవ్నా పక్కింట్లోనే ఉన్నాడు. మా అమ్మ చివరి ఇరవయ్యేళ్ళూ ఆవిడతోనే గడిచాయి.

అమ్మ అడిగినవి రెండు, సమ్మెలీ. నాన్న ఎడమ పక్క ఒకటి. నేను రావడం ఒకటి. మొదటిది పోయింది, దానికి ఎవరం ఏమీ చెయ్యలేం. ఆగస్టులో పూడ్చినప్పుడు నేను లేను. జనవరిలో మీరు పూడ్చినప్పుడూ లేను. అప్పుడు మీరు తెచ్చింది అమ్మనే అయ్యుంటే ఈ పాటికి అంతా అయిపోయేది, నేను ఇక్కడ హాయిగా కలలు కంటూ ఉండేదాన్ని. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఇంకా పూడ్చలేదు.

ఎండుచేప బండి ఇరవై రెండున బయలుదేరుతోంది. ఓలా వద్దంటున్నాడు, దారి మెత్తబడిందంటున్నాడు. ఇక నాకు వచ్చే ఏడు లేదని చెప్పాను. నాలుగు రోజుల్లో మీ దగ్గర ఉంటాను. ఎల్లి బుగ్గ చూస్తాను, కాఫీ తాగుతాను, మర్నాడు పొద్దున్నే గడ్డ గట్టిగా ఉన్నప్పుడు దీవికెళ్దాం. మంచు నేను తవ్వుతాను. చర్చిదాకా బండి వెనక నేను నడుస్తాను.

నేను వచ్చేదాకా అమ్మని కదపకండి.

కైసా